బాధితుల మనసు – మన బాధ్యత

మూడేళ్ల కిందట నేనొక తప్పు చేశాను. దాన్ని గురించి రాయడానికి ఇంతకాలం పట్టింది. సొంత తప్పును వ్యాసానికి వస్తువు చేసుకోవడం వ్యక్తివాదమని కొందరు మిత్రులు అనవచ్చు. కాని ఈ తప్పు నా ఒక్కడిదే కాదనీ, మన సాహిత్యోద్యమం మంచి ఉద్దేశంతోనే చాలాకాలంగా చేస్తూ వస్తున్నదనీ నాకు తోచింది. అందువల్ల దీన్ని పాఠకుల ముందు పెడుతున్నాను.

మా కాలేజీ విద్యార్థులు ఒక సంస్మరణ సభ జరిపారు. కోస్తా జిల్లాల్లో ఒక వూళ్లో చాలా ఏళ్ల కిందట పెత్తందారీ కులాల వాళ్లు దళితవాడ మీద పడి మనుషుల్ని చంపారు. ఆ దాడిలో భర్తనూ మరిదినీ పోగొట్టుకున్న ఒక పెద్దావిడను సభకు తీసుకువచ్చే పని నేను నెత్తిన వేసుకున్నాను. ఆవిడ ముందు రానన్నది. "ఎందుకులే నాయనా, చెప్పిందే చెప్పడం" అన్నది. నేను వదల్లేదు. "మీరు చెబితేనే పిల్లలకు తెలుస్తుందమ్మా, చరిత్ర మరుగున పడిపోకూడదు" అన్నాను. చరిత్ర పేరెత్తిన తరువాత ఆవిడ కాదనలేకపోయింది.

సభలో ఆవిడ ఇరవై నిమిషాలు మాట్లాడింది. హాలంతా కిక్కురుమనకుండా విన్నది. చివర పిల్లలు చప్పట్లు కొట్టారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. నేను వందన సమర్పణ చేస్తూ ఆవిడను "సజీవ సాక్ష్యం" అన్నాను. శాలువా కప్పాం. బస్సెక్కించి వచ్చాం.

పదిహేను రోజుల తరువాత ఆవిడ కొడుకు ఫోను చేశాడు. కోపంగా ఏమీ మాట్లాడలేదు. "మాస్టారూ, మా అమ్మను ఇంకెప్పుడూ సభలకు పిలవకండి. వచ్చిన కాడ్నించీ నిద్రపోవడం లేదు. అర్ధరాత్రి లేచి తలుపు గడియ పెట్టామా లేదా అని చూసుకుంటోంది. అన్నం ముందు కూచుని అట్లాగే వుండిపోతోంది. ఇన్నేళ్లకు కాస్త నిమ్మళించిందనుకున్నాం. మళ్లీ మొదటికొచ్చింది" అన్నాడు.

ఆవిడ దగ్గర మేము సాక్ష్యం తీసుకున్నాం. బదులుగా శాలువా ఇచ్చాం. లెక్క అంతే.

అప్పటినుంచీ నన్నొక ప్రశ్న వేధిస్తున్నది. సామూహిక హింసలో బతికి బయటపడిన మనిషి పడే మనోవేదనను మనం ఏమనాలి? అది రోగమా? లేక అన్యాయానికి మనసు చెప్పే న్యాయమైన జవాబా? రోగమంటే ఆ మనిషి వైద్యుడి చేతుల్లోకి పోతాడు. చంపినవాడి ఊసు చీటీలో వుండదు. న్యాయమైన దుఃఖమంటే ఆ మనిషి ఉద్యమం చేతుల్లోకి వస్తాడు. అతనికి నిద్రపట్టిందా లేదా అని అడిగేవాడుండడు. ఈ రెండు చేతుల మధ్యా ఆ మనిషి ఏమైపోతున్నాడన్నది నా ప్రశ్న.

ఈ మాట మా శాఖ సమావేశంలో ఎత్తినప్పుడు ఒక మిత్రుడు ఇట్లా అన్నాడు: "మానసిక వైద్యమన్నది పాలకవర్గాల ఎత్తుగడ. జనం కోపాన్ని మాత్రలతో జోకొట్టడమే దాని పని. వూళ్లు తగలబెట్టినవాళ్లను వదిలేసి, కాలిన ఇంటివాడికి ధైర్యం చెప్పమని ఒక మనిషిని పంపుతారు." ఈ వాదంలో నిజం లేకపోలేదు. ఒకప్పుడు నేనూ ఇట్లాగే అనుకునేవాణ్ణి. అయితే చరిత్ర చూస్తే వ్యవహారం ఇంత తిన్నగా లేదు.

హిట్లరు నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడ్డవాళ్ల సంగతి తీసుకుందాం. 1956లో పశ్చిమ జర్మనీ ఒక పరిహార చట్టం చేసింది. శిబిరాల వల్ల ఆరోగ్యం చెడి, పనిచేసే శక్తి కనీసం నాలుగో వంతు తగ్గిపోయిందని వైద్యుడు ధ్రువపరిస్తే పింఛను ఇస్తారు. శరీరానికి తగిలిన దెబ్బల్ని ఒప్పుకోవడానికి పరీక్షించే వైద్యులకు పెద్ద అభ్యంతరం లేకపోయింది. చిక్కంతా మనసుతోనే వచ్చింది. బిడ్డల్ని గ్యాసు గదులకు పోగొట్టుకున్న తల్లికి నిద్రపట్టకపోతే, అది శిబిరం వల్ల కాదు, పుట్టుకతో వున్న బలహీనత వల్ల అని రాసిన వైద్యులు చాలామంది వున్నారు. ఆరోగ్యవంతుడైన మనిషి ఎంతటి దెబ్బ తగిలినా కొంతకాలానికి కోలుకుంటాడు, కోలుకోలేదంటే లోపం అతనిలోనే వుందన్నది వాళ్ల సిద్ధాంతం. హంతకుడి నేరాన్ని హతశేషుల రక్తంలోకి తోసే సిద్ధాంతమిది.

దీన్ని ఎదిరించినవాళ్లు కూడా వైద్యులే. నాజీల బారినుంచి తప్పించుకుని అమెరికా చేరిన విలియం నీడర్లాండ్ వందలమందిని పరీక్షించి, బతికిపోయినవాళ్లను పట్టిపీడించే లక్షణాల కూటమి ఒకటి వుందనీ, దానికి కారణం శిబిరాలేననీ 1960లలో నిరూపించడానికి పూనుకున్నాడు. అందరూ పోయి తానొక్కడే మిగలడమే తన తప్పు అనుకునే వేదన అందులో ముఖ్యమైనది. వియన్నా నుంచి వలసపోయిన కుర్ట్ ఐస్లర్ 1963లో ఒక వ్యాసం రాశాడు. దాని శీర్షికే ఒక ప్రశ్న: తన బిడ్డల్లో ఎంతమంది హత్యను ఏ లక్షణమూ లేకుండా సహిస్తే ఒక మనిషిది మామూలు దేహతత్వం అనిపించుకుంటుంది? పరిహారపు కచేరీల వైద్యశాస్త్రం మీద ఇంతకు మించిన అభియోగం వుండదు.

ఇక్కడ గమనించవలసిన విషయమేమిటంటే, ఈ సందర్భంలో "ఇది రోగమే" అన్నవాడు బాధితుడి పక్షాన నిలిచాడు; "రోగం కాదు" అన్నవాడు హంతకుడి ఖజానాను కాపాడాడు. కనుక రోగమనే పేరు దానంతట అదే పాలకవర్గాల ఆయుధమనడానికి వీల్లేదు.

అయితే అదే శిబిరాల నుంచి మరో గొంతు కూడా వచ్చింది. జాఁ అమెరీ వియన్నాలో పుట్టిన రచయిత. బెల్జియంలో నాజీ వ్యతిరేక ప్రతిఘటనలో పనిచేస్తూ 1943లో పట్టుబడ్డాడు. బ్రేన్‌డోంక్ కోటలో చిత్రహింసలు పడ్డాడు. తరువాత ఆష్విట్జ్ చూశాడు. 1966లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన వైద్యులు తనకు తగిలించిన రోగనామాన్ని తిరస్కరించాడు. కాలం గడిచింది గనక మరిచిపొమ్మనడం ప్రకృతి ధర్మం కావచ్చు గాని, నీతి ధర్మం కాదన్నది ఆయన వాదం. జరిగింది జరగకుండా వుండవలసిందని పట్టుబట్టడం మనిషికి మాత్రమే వున్న హక్కు. ఆ పట్టుదలకు రోగమని పేరుపెట్టి నయం చేస్తే, నయమైనవాడు హంతకుడితో రాజీపడ్డవాడవుతాడు. అందుకే తన పగను దాచుకోకుండా, దాన్నొక నైతిక స్థానంగా ప్రకటించాడు. 1978లో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు.

నా సభలో నేను మాట్లాడింది అమెరీ భాషే. సాక్ష్యాన్ని కాపాడాలన్నాను. కాని అమెరీ సాక్ష్యం అమెరీ సొంతం. ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో, ఎంత చెప్పాలో ఆయనే నిర్ణయించుకున్నాడు. అందుకు తగిలిన ఖర్చూ ఆయనే భరించాడు. ఇంకొకరి చేత సాక్ష్యం చెప్పించి, ఆ ఖర్చు వాళ్ల ఇంట్లోవాళ్ల మీద వదిలేసి వచ్చేవాడు అమెరీ వారసుడు కాలేడు.

ఈ రెండు వాదాలనూ ఒకే మనిషి ఆచరణలో చూడాలంటే ఫ్రాంట్జ్ ఫనాన్ దగ్గరికి పోవాలి. మనవాళ్లకు ఫనాన్ వలస వ్యతిరేక యోధుడుగా తెలుసు. ఆయన రోజూ చేసిన పని మానసిక వైద్యమని మనం తరచు మరిచిపోతాం.

ఆయనకు ఆ పని నేర్పినవాళ్లలో ముఖ్యుడు ఫ్రాంస్వా తొస్కెయెస్. ఈయన స్పెయిన్ రిపబ్లికన్ల పక్షాన పనిచేసిన వైద్యుడు. ఫ్రాంకో గెలిచాక 1939లో ఫ్రాన్సుకు పారిపోయిన కాందిశీకుడు. కాందిశీకుల్ని నిర్బంధించిన సెప్ట్‌ఫాఁ శిబిరంలోనే ఆయన మానసిక వైద్యం మొదలుపెట్టాడు. తరువాత సెయింటాల్బాఁ అనే కొండవూరి ఆస్పత్రిలో చేరాడు. నాజీల ఆక్రమణలో ఫ్రాన్సు పిచ్చాసుపత్రుల్లో రోగులు వేలకు వేలు ఆకలితో చచ్చిపోతున్నప్పుడు, ఆ ఆస్పత్రివాళ్లు రోగుల్నీ రైతుల్నీ కలిపి తిండి సంపాదించి నిలబడ్డారు. ప్రతిఘటన వీరులకూ, కవి పాల్ ఎల్యువార్‌కూ అక్కడే ఆశ్రయం దొరికింది. ఆస్పత్రి రోగగ్రస్తమైతే అందులోని రోగికి నయం కాదు, ముందు దాన్ని బాగుచెయ్యాలన్నది తొస్కెయెస్ నేర్పిన పాఠం.

1953 చివర ఫనాన్ అల్జీరియాలోని బ్లీదా ఆస్పత్రికి వచ్చాడు. అల్జీరియన్ల మెదడే ఆదిమమైనదనీ, నేరస్వభావం వాళ్లకు పుట్టుకతో వస్తుందనీ అక్కడి ఫ్రెంచి వైద్యపండితులు పాఠాలు చెబుతున్న రోజులవి. ఫనాన్ తొస్కెయెస్ పద్ధతి ప్రవేశపెట్టాడు: రోగులు నడిపే పత్రిక, సమావేశాలు, సినిమాలు, పండుగలు. ఐరోపా స్త్రీల వార్డులో అది చక్కగా నడిచింది. అల్జీరియన్ పురుషుల వార్డులో మాత్రం ఘోరంగా విఫలమైంది. సమావేశానికి పిలిస్తే రాలేదు. వచ్చినవాళ్లు నోరు విప్పలేదు.

ఆయన గొప్పతనం ఇక్కడే వుంది. రోగులు వెనకబడ్డవాళ్లని అనలేదు. తప్పు తమదేనని 1954లో తన సహచరుడితో కలిసి అచ్చులోనే ఒప్పుకున్నాడు. ఐరోపా మధ్యతరగతి ఆటపాటల్ని తెచ్చి అల్జీరియా రైతుల నెత్తిన రుద్దితే వాళ్లు ఎందుకు మాట్లాడతారు? అప్పుడు ఆస్పత్రిలో కాఫీ దుకాణం పెట్టించాడు. అల్జీరియా పల్లెల్లో మగవాళ్లు కూచుని కబుర్లాడుకునే తరహా దుకాణం. కథలు చెప్పేవాణ్ణి పిలిపించాడు. వాళ్ల పండుగలు జరిపించాడు. రోగుల చేతనే బంతాట మైదానం తయారుచేయించాడు. నోళ్లు విచ్చుకున్నాయి.

1954 నవంబరులో స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది. ఆస్పత్రికి రెండు పక్షాలవాళ్లూ రాసాగారు. ఫనాన్ 1961లో వెలువరించిన చివరి పుస్తకంలో ఈ రోగుల సంగతులు రాశాడు. చిత్రహింసలు పెట్టి పెట్టి ఇంట్లో భార్యాబిడ్డల్ని కూడా కొట్టడం మొదలుపెట్టిన ఒక పోలీసు అధికారి ఆయన దగ్గరికి వచ్చాడు. ఉద్యోగం మానుకునే ఆలోచన అతనికి లేదు. మనసుకు ఏ బాధా తగలకుండా చిత్రహింసలు పెట్టే బలం కావాలన్నాడు! మన మిత్రుడు చెప్పిన "జోకొట్టే వైద్యం" ఎట్లా వుంటుందో ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ చూపలేదు. మరో సందర్భంలో, చిత్రహింసలకు గురైన ఒక దేశభక్తుడు ఆస్పత్రి ఆవరణలో తనను హింసించిన పోలీసును చూశాడు. ఆ పోలీసూ అక్కడ రోగిగానే వచ్చాడు. తనను మళ్లీ పట్టుకుపోవడానికే వచ్చాడనుకుని ఆ దేశభక్తుడు ఆత్మహత్యకు ప్రయత్నించాడు. హింసించినవాడు ఎదట తిరుగుతున్నంతకాలం బాధితుడికి నయం కాదు అన్నమాటకు ఇది ఉపమానం కాదు, జరిగిన విషయం.

1956లో ఫనాన్ రాజీనామా చేశాడు. మనిషిని తన నేల మీదే పరాయివాణ్ణి చేసే పాలనలో, మనిషిని మళ్లీ మనుషుల్లో కలిపే వైద్యం అసాధ్యమన్నాడు. 1957 మొదట్లో దేశం నుంచి వెళ్లగొట్టారు.

మా మిత్రుడి లాంటివాళ్లు ఫనాన్ కథను ఇక్కడ ఆపేస్తారు. కాని కథ ఇక్కడ ఆగలేదు. ట్యునీషియా పోయాక ఆయన వైద్యం మానలేదు. ఒకపక్క విమోచనోద్యమానికి పనిచేస్తూనే, ట్యునిస్‌లో రోగులు పగలంతా వుండి రాత్రికి ఇళ్లకు పోయే ఆస్పత్రిని నడిపాడు. సరిహద్దు శిబిరాల్లోని కాందిశీకుల బాధలు తెలుసుకున్నాడు. ఆ శిబిరాల పిల్లలు గీసిన బొమ్మలతో 1961లో "నాకు ఎనిమిదేళ్లు" అనే చిన్న సినిమా వచ్చింది. మాటల్లో చెప్పలేని పిల్లలు రంగు పెన్సిళ్లతో విమానాలూ, మంటలూ, సిపాయిలూ గీశారు. విప్లవం వచ్చేదాకా ఆగండని ఫనాన్ ఆ పిల్లలకు చెప్పలేదు.

పోరాటమే మందు అనేవాళ్లకూ ఆయన దగ్గర జవాబుంది. స్వాతంత్ర్యం సాధించుకున్న ఒక ఆఫ్రికా దేశపు యోధుడి సంగతి ఆయన రాశాడు. అతను పెట్టిన బాంబుకు పదిమంది చచ్చిపోయారు. ఉద్యమం న్యాయమైనదేనని అతనికి అనుమానం లేదు. దేశం గెలిచింది. అయినా ఏటా ఆ తేదీ వచ్చేసరికి నిద్రపోలేడు, చచ్చిపోదామనిపిస్తుంది. అంటే గెలుపు కూడా గాయాన్ని తనంతట తాను మాన్పదు. గెలిచిన పక్షం ఈ సంగతి ఒప్పుకోకపోతే తన యోధుల్ని చీకటిగదుల్లో ఒంటరిగా వదిలేస్తుంది.

ఇదంతా ఎక్కడో జరిగిందని అనుకోనక్కరలేదు. మా అమ్మమ్మ కాందిశీకురాలు. 1942లో, పన్నెండేళ్ల వయసులో, రంగం నుంచి నడిచి వచ్చింది.

మా వుత్తరాంధ్ర పల్లెల్లో రంగూన్‌ను రంగం అంటారు. 1931 నాటికి బర్మాలో తెలుగు వాళ్లు లక్షన్నరకు పైగా వున్నారు. రేవులో బరువులు మోసిందీ, రిక్షా లాగిందీ, వీధులు వూడ్చిందీ వాళ్లే. బర్మావాళ్లు వాళ్లను కోరంగీలని ఈసడించేవాళ్లు. 1930 మేలో రంగం రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, తెల్ల కంపెనీలు బర్మా కూలీల్ని తెచ్చి పని నడిపించాయి. సమ్మె పరిష్కారం కాగానే బర్మావాళ్లను గెంటేశాయి. పని పోయినవాళ్ల కోపం కంపెనీల మీదికి పోలేదు, తెలుగు కూలీల మీదికి మళ్లింది. వీధుల్లో వెంటాడి చంపారు. సామూహిక హింస పిడుగులాగా ఆకాశం నుంచి పడదు; దానికి జమాఖర్చులు రాసుకునేవాడొకడు ఎక్కడో వుంటాడు.

1941 డిసెంబరు 23న జపాను బాంబులు రంగం మీద పడ్డాయి. సుమారు అయిదు లక్షలమంది భారతీయులు ఆ నెలల్లో బర్మా వదిలారు. అందులో చాలామంది అరకాన్ కొండల మీదుగానో, మణిపురం అడవుల మీదుగానో నడిచారు. మణిపురం దారిలో తెల్లవాళ్లకు వేరే ఏర్పాట్లు, నల్లవాళ్లకు వేరే. ఆకలికీ కలరాకీ చనిపోయినవాళ్లు పదివేలమందని కొందరంటారు, యాభైవేలకు పైనని కొందరంటారు. కూలీల చావులకు సరైన లెక్క ఎవరు రాస్తారు?

అమ్మమ్మ తమ్ముడు ఆ దారిలో వాంతిభేదితో పోయాడు. "చచ్చిపోయాడు" అని ఆవిడ ఏనాడూ అనలేదు. "దారిలో వుండిపోయాడు" అనేది. రాత్రి మంచం పక్కన చెంబులో నీళ్లు నిండుగా లేకపోతే పడుకునేది కాదు. మేమంతా జాతరకు పోతూంటే నాలుగడుగులకోసారి వెనక్కు తిరిగి పిల్లల్ని లెక్కపెట్టేది. మేము నవ్వేవాళ్లం. ఆవిడ లెక్క ఎవరికోసమో నాకు పెద్దయ్యాక గాని తెలియలేదు.

ఆవిడకు ఏ వైద్యుడూ రోగనామం పెట్టలేదు. కాని ఆవిడ పిచ్చిది కాలేదు, ఒంటరిదీ కాలేదు. మా వూళ్లో రంగం వాళ్ల వీధి అని ఒకటి వుండేది. సాయంత్రం అరుగుల మీద ఆ ఆడవాళ్లంతా చేరేవాళ్లు. రంగం వీధుల గురించీ, అక్కడి పండ్ల గురించీ మాట్లాడుకునేవాళ్లు. దారి గురించి ఎక్కువ మాట్లాడేవాళ్లు కాదు. మాట్లాడనక్కర లేకపోయింది, అందరికీ తెలుసు. ఫనాన్ కాఫీ దుకాణమూ మా అమ్మమ్మ అరుగూ ఒకటేనని ఇప్పుడనిపిస్తున్నది. అయితే అరుగును పొగిడి వూరుకోవడానికి వీల్లేదు. ఆ వీధిలోనే ఒకామె, కళ్లముందు ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్నామె, నూతిలో దూకిందని అమ్మమ్మే చెప్పింది. అరుగు చాలనివాళ్లు ఎప్పుడూ వుంటారు. వాళ్లకు వైద్యుడు కావాలి. ఆ రోజుల్లో లేడు.

ఈనాటి వైద్యశాస్త్రం ఈ విషయంలో చాలా నేర్చుకున్నది. 1980లో అమెరికా మానసిక వైద్యులు ఘోరానుభవం తరువాతి మనోవైకల్యాన్ని తమ రోగాల జాబితాలో చేర్చారు. వియత్నాం నుంచి తిరిగివచ్చిన సిపాయిలు పట్టుబట్టడం దానికి ఒక ముఖ్య కారణం. బాంబులు వేసిన దేశపు సిపాయికి రోగం పేరు దొరికింది. బాంబులు పడ్డ వూళ్ల రైతు మాట అప్పుడెవరూ ఎత్తలేదు. ఆ పేరు కాందిశీకుల దాకా రావడానికి మరికొంత కాలం పట్టింది.

2007లో అంతర్జాతీయ సహాయ సంస్థలన్నీ కలిసి కొన్ని మార్గదర్శకాలు తయారుచేశాయి. ఆ పద్ధతి ఒక గోపురం లాంటిది. అడుగున అందరికీ కావలసినవి: భద్రత, తిండి, నీళ్లు, ఇల్లు. దానిపైన కుటుంబమూ, ఇరుగుపొరుగూ మళ్లీ కలుసుకునే ఏర్పాట్లు. దానిపైన తర్ఫీదు పొందిన మామూలు మనుషుల సహాయం. కొసన మాత్రమే, కొద్దిమందికి, వైద్యనిపుణుడు. భౌతికవాదులమైన మనం ఈ వరస చూసి ఆశ్చర్యపోనక్కరలేదు. మన మాటనే వాళ్లు ఆలస్యంగా చెప్పారు. కాని కొసన వున్న ఆ వైద్యుణ్ణి మాత్రం మనం మరిచిపోయాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం యుద్ధాలు సాగే ప్రాంతాల్లో ప్రతి అయిదుగురిలో ఒకరికి ఏదో ఒక మనోవ్యాధి వుంటుంది. మిగతా నలుగురూ బాధపడరని దీని అర్థం కాదు. వాళ్ల బాధ రోగం కాదని అర్థం. రెండు వైపులా ఈ తేడా తెలిసి వుండాలి.

నన్ను సిగ్గుపడేట్టు చేసిన సంగతి ఇంకొకటి వుంది. జరిగిందంతా వెంటనే ఒకసారి కక్కిస్తే మనసు తేలికపడుతుందని ఒకప్పుడు వైద్యులు కూడా నమ్మేవాళ్లు. పరీక్షించి చూస్తే దానివల్ల మేలు కనిపించలేదు. కొందరికి కీడు కూడా జరిగింది. అందువల్ల ఆ పద్ధతి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో సలహా ఇచ్చింది. పక్కన కూచో, చెబితే విను, చెప్పమని బలవంతపెట్టకు, కావలసిన సహాయం ఎక్కడ దొరుకుతుందో అక్కడికి చేర్చు అన్నది ఇప్పటి పద్ధతి. వైద్యులు వదిలేసిన పద్ధతిని నేను మైకు ముందు అమలుపెట్టాను.

మరి న్యాయం మాటేమిటి? కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు దళితుల్ని చంపినప్పుడు, బతికినవాళ్లు చీరాలకు పారిపోయారు. అక్కడ శిబిరంలో కలిసి వున్నారు. మళ్లీ ఆ వూరికి పోమన్నారు. చీరాలలోనే కొత్త కాలనీలో నిలబడ్డారు. ఆ శిబిరం చుట్టూనే ఒక గొప్ప ఉద్యమం పుట్టింది. హింసించినవాడి ఎదట తిరగనని పట్టుబట్టడం రాజకీయ నిర్ణయం. బ్లీదా ఆస్పత్రి ఆవరణలోని ఆ దేశభక్తుణ్ణి తలచుకుంటే అది వైద్యం కూడా. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపారు. పదహారేళ్ల తరువాత, 2007లో, ప్రత్యేక న్యాయస్థానం ఇరవయ్యొక్కమందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ తీర్పు విన్ననాటి రాత్రి ఆ ఇళ్లల్లో ఎవరికి నిద్రపట్టి వుంటుంది? ఏ మాత్ర దానికి మందు?

కనుక వైద్యమా న్యాయమా అన్న ప్రశ్నే తప్పు ప్రశ్న. న్యాయం లేని వైద్యం ఫనాన్ దగ్గరికి వచ్చిన పోలీసు కోరిన వైద్యం లాంటిది; జరిగిందానితో సర్దుకుపొమ్మంటుంది. వైద్యం లేని న్యాయపోరాటం బాధితుణ్ణి జెండాకర్రగా వాడుకుంటుంది. ఈ రెంటినీ కలిపే దారి లేకపోలేదు. చిత్రహింసల బాధితుల్ని పరీక్షించే వైద్యుడు వొంటి గాయాల్నీ మనసు గాయాల్నీ ఎట్లా నమోదు చెయ్యాలో చెప్పే ఇస్తాంబుల్ విధానాన్ని 1999లో ఐక్యరాజ్యసమితి ముందు పెట్టారు. అక్కడ వైద్యుడి కాగితమే కోర్టులో సాక్ష్యం. అంటే బాధితుడు ప్రతిసారీ సభలో నిలబడి తన గాయం విప్పి చూపనక్కరలేకుండా, ఆ బరువులో కొంత వైద్యుడు మోస్తాడు. రచయిత కూడా అట్లా మోయవచ్చు. చదివి, వెతికి, రికార్డులు తిరగేసి తాను రాయాలి గాని, ఆవిడ చేత మళ్లీ మళ్లీ చెప్పించి చేతులు దులుపుకోకూడదు.

మన సంఘాలు చెయ్యగలిగిన పనులు కొన్ని వున్నాయి. మాట్లాడే హక్కు కోసం పోరాడే మనం, మాట్లాడకుండా వుండే హక్కును కూడా గౌరవించాలి. ఒకరిని వేదిక మీదికి పిలిచే ముందు, దిగిన తరువాత వాళ్ల పక్కన ఎవరుంటారో చూసుకోవాలి. మనాది, బెంగ, జడుపు అని మన జనానికి సొంత మాటలున్నాయి. వాటిని మూఢనమ్మకాలని తోసిపుచ్చక, వాటి ద్వారానే మాట కలపాలి. జింబాబ్వేలో హరారే ఆస్పత్రుల ఆవరణల్లో బెంచీల మీద కూచునే అవ్వలకు తర్ఫీదునిచ్చి, "అతిగా ఆలోచించడం" అని అక్కడి జనం పిలిచే బాధకు సహాయం చేయిస్తున్నారు; అది పనిచేస్తున్నదని 2016లో పరీక్షలో తేలింది. ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక వైద్యం పొందడం హక్కు అని 2017 చట్టం చెబుతున్నది. భూమికోసం దరఖాస్తు రాసిచ్చే మనం, ఆ హక్కు కోసం ఒక్క దరఖాస్తయినా రాశామా? "పిచ్చి" అన్న మాటకు భయపడి మన కార్యకర్తలే వైద్యుడి గడప తొక్కరు. ఆ సిగ్గు పోగొట్టడం మన పని కాక ఎవరి పని?

ఆ ఫోను వచ్చిన తరువాత నెలకు ఆవిడ ఇంటికి వెళ్లాను. క్షమించమని అడగడానికి మాటలు సిద్ధం చేసుకునే పోయాను. ఆవిడ ఆ ప్రసక్తి రానివ్వలేదు. మంచినీళ్లిచ్చింది. కాసేపు ఎండల గురించి మాట్లాడింది. తరువాత లోపలికిపోయి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చింది. పరిహారం కింద ఇస్తామన్న ఇంటిస్థలం కాగితాలు. పేరులో ఒక అక్షరం తప్పు పడిందని ఏళ్ల తరబడి తిప్పుతున్నారట. "ఇది చూసిపెట్టు నాయనా" అన్నది.

ఆ రోజు నుంచి ఆ కాగితాల వెంట తిరుగుతున్నాను. ఆవిడ కొడుకూ నేనూ కలిసి ఆవిడను జిల్లా ఆస్పత్రికి రెండుసార్లు తీసుకుపోయాం. ఇప్పుడు రాత్రి నాలుగైదు గంటలు పడుకుంటున్నదట. ఆ దాడి గురించి ఆవిడ నాతో ఒక్క మాట అనలేదు, నేనడగలేదు. పోయినసారి వెళ్లినప్పుడు శాలువా కనిపించింది. మనవడికి పక్కబట్టగా వేసింది. అక్షరం ఇంకా దిద్దలేదు. వచ్చే సోమవారం మళ్లీ కచేరీకి వెళ్లాలి.